వేలు దూరని చెవిగాటు

మా మేనత్త దాన్ని నా చేతిలో పెట్టినప్పుడు అది పాత చీర పేలికలో చుట్టి ఉంది. కొమరోలులో వాళ్ల వంటింటి గూట్లో, ఉప్పు జాడీ వెనక ఇన్నేళ్లూ దాచి ఉంచిందట.

"నువ్వు కొలతల ఉద్యోగం చేస్తావు గదా. ఇది అసలు ఏందో కనుక్కోరా. గొర్లోళ్ల ఇంటికి ఇట్లాటిది ఎట్ల వచ్చిందో ఎవురికీ తెలీకనే పాయ" అంది.

నేను యంత్ర భాగాలు తయారుచేసే ఒక కార్ఖానాలో తనిఖీ విభాగంలో పనిచేస్తాను. ఏ ముక్క చేతికొచ్చినా ముందు కొలుస్తాను, తర్వాతే మాట్లాడతాను. ఆ రాత్రి గదికి వచ్చి పేలిక విప్పి దాన్ని కాగితం మీద పెట్టాను. జానెడుకు కొంచెం తక్కువ పొడవున్న ఇత్తడి పిడి. ఒక పక్క నుంచి పెన్సిల్ మొన లాంటి ఉక్కు సూది తెరుచుకుంటుంది. రెండో పక్క నుంచి చిన్న కత్తి. పిడి అడుగున ఉన్న గుబ్బను లాగితే పొట్టి దబ్బనం ఒకటి ఊడి చేతిలోకి వస్తుంది. పిడి మీద ఎప్పుడో లతలు చెక్కి ఉండాలి. ఇప్పుడు వేలికి తప్ప కంటికి తెలియవు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఇత్తడి వాసనే. మంద వాసన వస్తుందేమోనని మళ్లీ చూశాను. రాలేదు.

మా ఇంట్లో దాన్ని ముల్లుకత్తి అనేవాళ్లం. మా తాత మొలతాడుకు వేలాడేది.

పాత వస్తువులు సేకరించే వాళ్ల గుంపు ఒకటి ఫోన్‌లో ఉంటే అందులో ఫొటోలు పెట్టాను. ఒకరు చెవి గులిమి తీసేది అన్నారు. ఇంకొకరు నాటు వైద్యుడి కత్తి అన్నారు. మరునాడు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "మీ ఇంట్లో తాటాకుల మీద రాసేవాళ్లు ఎవరైనా ఉండేవారా?" అని అడిగాడు. లేరన్నాను. మా తాతకు వేలిముద్రే వచ్చని చెప్పాను. "అది గంటం బాబూ" అన్నాడాయన. సూదితో ఆకు మీద అక్షరం గీస్తారు. కత్తితో ఆకు అంచులు కోసి సమం చేస్తారు. దబ్బనంతో తాడు దూర్చే బెజ్జం పొడుస్తారు. మూడు పనులకూ ఒకటే పనిముట్టు. తన దగ్గరా అలాంటిదే ఒకటి ఉందనీ, స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపుతాననీ చెప్పాడు. చివర్లో, "మీ కత్తి సగం పోయింది. తాటాకు కోస్తే ఇంతగా అరగదు. దేనికి వాడారు దీన్ని?" అని అడిగాడు.

తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మా ఇంట్లో తెగని ప్రశ్న ఒకటుంది. ఒక ఎండాకాలం మా తాత తన గొర్రెలను తానే పరాయివాడికి అప్పగించాడు. ఆయనకు మతి తప్పిందని మా నాయన అన్నాడు. తప్పలేదని మా అత్త అంది. ఆ మాట మీదే మంద అమ్ముడుపోయింది. ఆ మాట మీదే అన్నాచెల్లెళ్లు పెళ్లికీ చావుకూ తప్ప ఒకరి గడప ఒకరు తొక్కకుండా అయ్యారు. ఆ రోజు తాత పక్కన ఉన్నది నేను ఒక్కడినే. నేనేమో నాలుగో తరగతి పిల్లవాణ్ణి.

ఆ ఏడు కూడా వానలు తప్పాయి. మా ఊరు రాచర్ల చుట్టుపక్కల మేత లేక తాత మందను నల్లమల మొదట్లోకి తోలుకుపోయాడు. పరీక్షలు కాగానే నన్ను కూడా పంపించారు. పొద్దున సజ్జరొట్టె, ఎర్రగడ్డ. మధ్యాహ్నం జొన్నసంగటి, ఊరిమిండి పచ్చడి. సాయంత్రం తాత మోదుగాకు దొన్నె కుట్టి అందులోకే మేకపాలు పితికి ఇచ్చేవాడు. ఆకు పసరు, పాల వేడి కలిసిన ఆ రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. రాత్రి దోమలకు వేపాకు పొగ వేసేవాళ్లం. పొగ, పెంటికల ఎరువు, తాత గొంగడి, చుట్ట, అన్నీ కలిసి ఒకే వాసన. అందులో ఏది ఏదో విడదీయడం అప్పుడు నాకు చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు.

ముల్లుకత్తి చేయని పని లేదు. సూదితో తాత గిట్టల్లో ముల్లు తీసేవాడు, చీముగడ్డ పొడిచేవాడు. దబ్బనంతో తెగిన చెప్పు కుట్టుకునేవాడు. కత్తితో ఎర్రగడ్డ కోసేవాడు, చుట్ట కొన తెంచేవాడు, ఈనిన గొర్రెపిల్ల బొడ్డు కోసేవాడు. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య పంచెకు తుడవడమే కడగడం. పొద్దుగూకగానే రాయి మీద నీళ్లు చల్లి కత్తిని నూరేవాడు. ఆ చప్పుడు వింటే మా కుక్క తిండివేళ అయిందని లేచి తోక ఊపేది. ఇంటి దగ్గర ఉన్నా కొండల్లో ఉన్నా తాత నూరని సాయంత్రం లేదు.

వీటన్నిటికంటే పెద్ద పని చెవిగాటు. గొర్రెలు పెంచే ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. కొందరు చెవి కొన కత్తిరిస్తారు, కొందరు అంచుకు పళ్లు పెడతారు. మాది ఎడమ చెవి నడిమధ్య గాటు. పిల్ల చెవి కింద చెక్కముక్క ఆనించి, కత్తిని నిలువుగా పెట్టి మొదలంటా దించేవాడు. ఆముదం, పసుపు పూస్తే నాలుగు దినాల్లో మాని గాటు కన్నులాగా తెరుచుకుని ఉండిపోయేది. అందులో చిటికెన వేలు గోరు మునిగే దాకా దూరితే అది మా జీవం. నేను వేలు పెట్టబోతే తాత నవ్వేవాడు. "నీ వేలు లెక్కలోకి రాదు లేరా. ఇంకా లేతది. ఎలక బొక్కలోకైనా దూరుతాది."

నిజానికి ఆ పరీక్ష అవసరం ఎన్నడూ రాలేదట. తాతకు అన్ని గొర్రెల మొగాలూ తెలుసు. కానీ ఆ ఎండాకాలం, "ఆ చివరన ఉండేది ఎవురు రా?" అని నన్ను అడగడం మొదలుపెట్టాడు. నాకు పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. బొల్లిది, కుంటిది, మీసాలది అని చెప్పేవాణ్ణి. ఒకరోజు తమాషాకు బొల్లిదాన్ని చూపించి "కుంటిది" అన్నాను. "ఆఁ, అదే. కాలు కొంచెం బాగైనట్టుంది గదా" అన్నాడు తాత. నవ్వబోయినవాణ్ణి ఆగిపోయాను. ఆయన కళ్లలోకి చూశాను. నల్లగుడ్ల మీద మజ్జిగ తేట లాంటి పొర.

"తాతా, నీకు కనపడదా?"

తాత చుట్ట పక్కన పెట్టాడు. "మొగాలు కనపడవు. కదిలేవి కనపడతాయి. మీ నాయనకు చెప్పబాకు రా. కండ్లు పోయినోని చేతిలో మంద ఉంచరు."

చెప్పనన్నాను. అప్పటి నుంచి నేనే ఆయన కళ్లు. ఆ గర్వంలో ఒక తుంటరి పని కూడా చేశాను. తాత కునుకు తీస్తుండగా ముల్లుకత్తి విప్పుకుని, గట్టు మీది కలబంద లాంటి కిత్తనార ఆకుల మీద సూదితో నా పేరు రాశాను. రాసేటప్పుడు అక్షరాలు కనిపించలేదు. పొద్దు వాలేసరికి గోధుమ రంగు తేలి ఎంత ముద్దుగా వచ్చాయో! తాతకు చదువు రాదు, కళ్లూ కనపడవు. అయినా సూది మొన వేలితో తడిమి పట్టేశాడు.

"దీంతో రాసినావా? ముల్లు తీసేదాంతో రాతలేంది రా తిక్కోడా! అరిగిపోతే యాడ తెచ్చేది?"

ఆ ఏరియాలో ఎండిపోని బోరు ఒకటే ఒకటి. ఆ రైతు మంచివాడు, సిమెంటు తొట్టి కట్టించి మందలకు నీళ్లు విడిచేవాడు. కరెంటు మధ్యాహ్నం వచ్చేది. వచ్చిన కొంతసేపట్లోనే అన్ని మందలూ తాగాలి. ఒకరోజు మేం తొట్టి దగ్గరికి చేరే వేళకే చంద్రశేఖరపురం వైపు నుంచి వలస వచ్చిన మంద అక్కడుంది. మోటారు చప్పుడు వినగానే మా గొర్రెలు నా చేతికర్రను లెక్కచేయలేదు. దుమ్ములో రెండు మందలూ కలిసిపోయాయి.

ఆ కాపరి మా నాయన ఈడువాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "పాయ! కలిసిపాయ మామా! ఇంక పొద్దుగూకే దాంక ఏరుకుందాం" అన్నాడు.

"ఏరుకుంటే ఏమాయ అల్లుడా. చెవులుండాయి గదా" అన్నాడు తాత.

ఇలా కలిసినప్పుడు ఏరే పద్ధతి ఒకటుంది. ముళ్లకంచెలో ఒక్క గొర్రె పట్టే సందు వదిలి, ఒక్కొక్కదాన్నే అవతలికి పంపిస్తారు. ఎవరిది వాళ్ల వైపుకి తోస్తారు. తాత సందు దగ్గర గొంతుక్కూచున్నాడు. వచ్చిన ప్రతి గొర్రె ఎడమ చెవీ పట్టి చిటికెన వేలు పెట్టి చూశాడు. ఆ కాపరి వాళ్ల గుర్తు కూడా ఎడమ చెవి గాటే. అయితే వాళ్లది వడ్లగింజంత, మాది వేలు పట్టేంత. పాత గొర్రెలు గబగబా తెమిలిపోయాయి. తర్వాత కిందటేడు, అంతకుముందేడు పుట్టిన ఎదపిల్లలు వచ్చాయి.

తాత వేలు ఆగింది. మళ్లీ పెట్టాడు. "నీది" అని అటు తోశాడు.

"నాదా? సరిగ్గ చూడు మామా. దీని మొగం నాకు కొత్తగుండాది."

"మొగంతో పనేంది? వేలు దూరలా."

ఆ కాపరి వంగి చెవి చూశాడు. "గాటైతే మాదాని మాదిరే ఉండాది మరి..." అని తల గోక్కున్నాడు.

"తాతా, అది మన మీసాలదాని పిల్ల!" అని నేను అరిచాను.

"నోరు మూసుకో. ఊరోళ్ల జీవాన్ని మనదనకూడదు."

"కాదు తాతా, నాకు తెలుసు, దాని మూతి కింద..."

"నువ్వు కంటితో చూస్తాండావు. కన్ను మోసపోతాది రా. నా కండ్లు మోసపోలా? వేలు మోసపోదు."

అలా పదకొండు అటు పోయాయి. ఒక్కొక్కటి పోతుంటే నేను దాని పేరు చెబుతూనే ఉన్నాను. చివరికి ఏడుస్తూ చెప్పాను. ఆ కాపరి పోతూ పోతూ, "ఎక్కువొచ్చినాయి మామా. ఇంటికాడ మా ఆడది నేను దొంగతనం జేసినాననుకుంటాది" అని నవ్వాడు. కానీ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

సాయంత్రం తాత మందను తడిమి లెక్క పెట్టుకుంటే తక్కువ వచ్చాయి. నన్ను వెంటబెట్టుకుని చీకటి పడే దాకా వాగులన్నీ తిరిగాడు, నాలుక మడిచి పిలుస్తూ. "మనమే ఇచ్చినాం గదా తాతా" అంటే కోప్పడ్డాడు.

"ఇచ్చినవి వేరు, పోయినవి వేరు."

ఆ రాత్రి సంగటి ముట్టలేదు. కత్తి మాత్రం నూరాడు.

వారం పైన గడిచాక మా నాయన జొన్నలు, ఉప్పు తీసుకుని వచ్చిన రోజే ఆ కాపరి కూడా వచ్చాడు. పదకొండింటినీ తోలుకుని అంత దూరం నడిచి వచ్చాడు. ఆయన వెంట ఇంకో ఇద్దరు కాపరులు కూడా ఉన్నారు.

"మామా, ఇయ్యి నా మందలో కలవట్లేదు. రాత్రయితే వేరుగా పోయి పండుకుంటాండాయి. నీవే" అన్నాడు.

కర్ర అడ్డం తీయగానే అవి ఉరికాయి. మీసాలదాని పిల్ల నేరుగా పోయి తల్లి పక్కన నిలబడింది. చూసినవాళ్లకు ఇంక సాక్ష్యం అక్కర్లేదు. తాత మాత్రం ఒకదాన్ని దగ్గరికి లాగి, చెవి పట్టుకుని, చిటికెన వేలు పెట్టాడు.

"దూరలా" అన్నాడు మెల్లగా. "చూడు అబ్బయా, దూరలా. మనది కాదు."

మా నాయన చేతిలో సంచీ కిందపడేశాడు. "చాలు నాయనా! వేలు పట్టుకోని ఊగులాడబాకు. ఇంటి గొర్లను వీధిలో ఇచ్చినావు. నీకు కండ్లూ లేవు, మతీ లేదు."

"అట్లనబాకు బావా. ఎండకు ఎవురికైనా..." అన్నాడు ఆ కాపరి.

తాత గొర్రె చెవి వదిలి చెయ్యి గొంగడి లోపలికి తీసుకున్నాడు.

తొలకరికి ముందే లారీ వచ్చింది. మందను అమ్మిన డబ్బుతో నాయన ఆటో కొన్నాడు. అత్త కొమరోలు నుంచి వచ్చి వాకిట్లో నిలబడి అరిచింది. "మా నాయనకు మతి పోలేదన్నా. నీకు మంద బరువైంది. అమ్మేదానికి ఒక మాట కావాల్సొచ్చింది, అంతే." నాయన, "అయితే నువ్వే పెట్టుకో" అన్నాడు. ఆమె నిజంగానే తాత చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. తాతతో పాటు ముల్లుకత్తీ పోయింది.

అత్త తాతను గిద్దలూరు ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు నేనూ ఉన్నాను. డాక్టరు కళ్లలోకి టార్చి వేసి, పొర తీసేస్తే కనపడుతుందని చెప్పాడు. తాత అది విననట్టే తన కుడిచేతి చిటికెన వేలు డాక్టరు ముందు చాపాడు.

"కండ్ల సంగతి పోనీలే సామీ. ముసలితనంలో వేళ్లు లావైతాయా?"

డాక్టరు నవ్వాడు. "ఎందుకు తాతా, ఉంగరం పట్టట్లేదా?"

తాత నవ్వలేదు. ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. "ఇంక చూసేదానికేముండాది" అన్నాడు.

ఆ తర్వాత నేను సెలవులకు కొమరోలు పోయినప్పుడల్లా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిటికెన వేలికి దారం చుట్టించేవాడు. ముందుసారి దారం ముక్క గోడమేకుకు వేలాడేది. రెండూ పక్కపక్కన పెట్టి చూడమనేవాడు. "పెరిగిందా?" లేదు తాతా. "సరిగ్గ చూడు." పెరగలేదు తాతా. నేను జీవితంలో మొదట కొలిచింది ఆ వేలినే. పెరిగిందని ఒక్కసారి చెప్పి ఉంటే ఆయనకు నిమ్మళంగా ఉండేదేమో. కానీ దారాలు రెండూ సమానంగానే ఉండేవి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి. తర్వాత నేను హాస్టల్‌కు పోయాను. రెండేళ్లకు తాత పోయాడు.

ఇదంతా తలచుకుంటూ ఉండగా పెద్దాయన పంపిన ఫొటో వచ్చింది. ఆయన గంటం కత్తి మా కత్తికి రెండింతలు వెడల్పుంది. రెండూ ఒకే కొలతతో చేసినవని ఏముందిలే అనుకున్నాను. అప్పుడు మా పిడిలో కత్తి పక్కకు పడుకునేలా మడిచి పెట్టుకునే గాడి చూశాను. ఇత్తడి అరగలేదు. మొదట చేసినవాడు కత్తి ఎంత ఉందో అంతకే గాడి కోశాడు. గాడి నిండా నా చిటికెన వేలు పట్టింది. మా కత్తి అందులో సగం కూడా నింపకుండా వదులుగా ఆడుతోంది.

కొలిచే కాలిపర్స్ బల్ల మీద పెట్టేశాను. తాటాకు కోయడానికి చేసిన పల్చటి కత్తిని మా తాత ఒక జీవితకాలం రాయి మీద నూరాడు. అది వెంట్రుకవాసి వెంట్రుకవాసి సన్నబడింది. కత్తి ఎంత వెడల్పుంటే గాటు అంత. పాత గొర్రెల చెవుల్లో వేలు పట్టే గాటు, ఎదపిల్లల చెవుల్లో పట్టని గాటు. రెండూ ఆ చేతితో వేసినవే. కళ్లు బాగున్నన్నాళ్లు మొగం చూసి గుర్తుపట్టేవాడు గనక వేలు పెట్టే పని పడలేదు. పని పడే నాటికి కత్తి అరిగిపోయింది. ఆయన మతీ తప్పలేదు, వేలూ లావెక్కలేదు. దూరలేదన్నాడు. నిజంగానే దూరలేదు.

మరుసటి ఆదివారం పోయి రాచర్ల ఆటో స్టాండులో నాయనకు చెప్పాను. గాడి చూపించాను, కత్తి మడిచి చూపించాను. ఆయన దాన్ని తీసుకుని కత్తి తెరిచి మూశాడు, మళ్లీ తెరిచాడు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి గిద్దలూరు పోవాలన్నారు. "ఇయ్యాల పోదమ్మా" అన్నాడు. నా వైపు తిరిగి, "ఎక్కు. మీ అత్త దగ్గరికి పోదాం. నువ్వు చెప్పు, నేను కూచుంటా" అన్నాడు.

అత్త వాకిట్లో చేట పెట్టుకుని చెనిక్కాయలు వొలుస్తోంది. ఆటోలోంచి దిగుతున్న అన్నను చూసి లేవబోయి, లేవకుండా ఆగి, "ఎండన పడి వచ్చినారే. రాండి" అంది. నేను అది రాసే గంటమని ముందు చెప్పాను. "రాసేదా? మనింట్లో రాసేటోళ్లెవురు? అబద్ధాలు" అని నవ్వింది. అది మనింటికి ఎట్ల వచ్చిందో మాత్రం తెలియలేదన్నాను. తర్వాత కత్తి సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. గాడిలో తన వేలు పెట్టి చూసుకుంది. ఆమె మళ్లీ చేట ముందుకు లాక్కుంది.

"నువ్వు హాస్టల్‌కు పోయినాక ఆ వేలు మళ్ల చాపింది నేను చూల్లేదు రా" అంది కాయల వైపే చూస్తూ. "సంగటి తినేటప్పుడు గూడా మడుచుకోనే తినె. ఏందన్నా, నాయన పోయినాక కడాన నీళ్లు పోసింది నువ్వే గదా. చూసినావా?"

నాయన అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ముల్లుకత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"చూసినాను" అన్నాడు. "వేలు చాపి నీళ్లు పోద్దామని పట్టుకున్నాను. రాలా. ఇంక లాగితే విరుగుతాదని అట్లనే పోసినాను."